చివర్లో నిమ్మతొక్క

డిక్షనరీ ఆఫీసు,
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

బావగారికి గువ్వ నమస్కారాలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతున్నారు కదూ. ఈమధ్య ఎన్నిసార్లు ఫోన్ చేశానో గుర్తు తెచ్చుకోండి. మీరు "ఊ" అన్నారు, "ఆ" అన్నారు, ఒక్కసారి మాత్రం ధారాళంగా "సరేలే" అన్నారు. అక్క ఉన్నప్పుడు మీ వంతు కూడా తనే మాట్లాడేసేది కాబట్టి మాకెవరికీ ఈ సంగతి తెలియలేదు. ఉత్తరమైతే "ఊ" అని రాసి స్టాంపు అంటించడానికి మీకే సిగ్గేస్తుంది. అదీ నా ఎత్తు.

అసలు పనికొస్తాను. మా ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఇప్పటికి 'డి' అక్షరంలో నడుస్తోంది. పోయినవారం నుంచి ఒక విశేషణం దగ్గర బండి దిగబడింది. డిస్‌క్రెడిటెడ్. పాత డిక్షనరీలో 'అపఖ్యాతి పొందిన' అని ఉంది. ఎడిటరు గారు దాన్ని కొట్టేసి 'నమ్మదగని' అని రాశారు. రెండూ నాకు గొంతు దిగడం లేదు. పేరుమోసిన దొంగకి అపఖ్యాతి ఉంటుంది, వాణ్ని డిస్‌క్రెడిటెడ్ దొంగ అనం కదా? ఈ మాటంటే ఎడిటరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అయితే ఏమంటావమ్మా?" అన్నారు. ఏమంటానో నాకూ తెలీదు.

మీరు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివి, ఆ తర్వాత టీ కప్పుల్లో మునిగిపోయిన మనిషి. ఒకసారి పైకి తేలి నన్ను గట్టెక్కించండి. ఒక అర్థం, మూడు ఉదాహరణలు చాలు.

మీరు పంపిన టీలో మీ తోడల్లుడు ఇప్పటికీ నాలుగు చెంచాల పంచదార వేసుకుంటున్నారు. దీన్ని ఫిర్యాదు కింద తీసుకోగలరు.

గువ్వ

*

టీ కంపెనీ,
రుచి గది

గువ్వకి,

ఉత్తరం అందింది.

అపఖ్యాతి అంటే చెడ్డపేరు. అది వేరు. నమ్మదగని అన్నది మొదటినుంచీ అలాగే ఉన్నవాడికి కూడా సరిపోతుంది. నువ్వడిగిన మాటకి గతం కావాలి. ఒకప్పుడు నలుగురూ నమ్మి ఉండాలి. తర్వాత ఆ నమ్మకం పోయి ఉండాలి. ఎవరూ ఎన్నడూ నమ్మనిదానికి ఈ మాట వాడకూడదు.

మనుషులకు వాడతారు. సిద్ధాంతాలకూ పద్ధతులకూ నివేదికలకూ ఇంకా ఎక్కువ వాడతారు.

ఉదాహరణలు. పుర్రె మీది ఎత్తుపల్లాలు తడిమి గుణం చెప్పే శాస్త్రాన్ని ఇప్పుడెవరూ నమ్మరు. కోర్టులో రెండు రకాలుగా చెప్పిన సాక్షి మాటకు విలువ పోయింది. ఫలానా నిపుణుడి నివేదికలను కంపెనీ ఇక లెక్కలోకి తీసుకోవడం లేదు.

నీకు పనికొస్తే వాడుకో.

తోడల్లుడి చేతిలో పడ్డ టీకి నా సానుభూతి.

ఇక్కడ అంతా మామూలే.

బావ

*

డిక్షనరీ ఆఫీసు,
అదే బల్ల

బావగారికి,

'ఈ మాటకి గతం కావాలి'! ఆ వాక్యం చదివి కుర్చీలోంచి లేచాను. ఎడిటరు గారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తియ్యలేదు, అంటే నచ్చిందన్నమాట.

మీతో నాకు వేరే తగువుంది. పెళ్ళైన కొత్తలో మీరు రుచి గదిలో కూర్చుని అక్కకి ఉత్తరాలు రాసేవారు, గుర్తుందా? ఒక్క కాగితం మీద కూడా కప్పు అడుగు గుర్తు లేకుండా వచ్చేది కాదు. గుండ్రంగా, గోధుమరంగులో. మేం దాన్ని "బావగారి రాజముద్ర" అనేవాళ్ళం. అక్క మమ్మల్ని తరిమేది. ఆ ముద్ర తర్వాత్తర్వాత మాకొచ్చిన ఉత్తరాల మీద కూడా పడుతూనే ఉంది. నిన్నటి కాగితం మాత్రం ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. మరక లేదు, చుక్క లేదు. పైగా ఏదో పరిమళం కూడాను. ఈ వయసులో సెంటు మొదలుపెట్టారా ఏమిటి, కొంపదీసి?

రెండోది. మీ మొదటి రెండు ఉదాహరణలూ పుస్తకంలోవి. మూడోది పుస్తకంలోది కాదు. రోజంతా వాక్యాలు చదివే ఉద్యోగం నాది. ఎక్కడో చదివి రాసిన వాక్యానికీ తగిలి రాసిన వాక్యానికీ తేడా నాకు తెలుసు.

మీరు రుచి గదిలో ఉన్నారా, లేరా? "ఊ" అని రాస్తే మాత్రం ఒప్పుకోను.

గువ్వ

*

ఇంట్లో,
భోజనాల బల్ల

గువ్వకి,

లేను. సెలవులో ఉన్నాను.

వానలకు ముందు వచ్చిన టీ సరుకు లాట్లలో నాకు చివర్లో నిమ్మతొక్క తగిలింది. మొదటి గుటకలో ఉండదు. రుచి చూసి ఉమ్మేశాక, నాలుక వెనక మిగులుతుంది. టీ ఆకు పక్కన ఏ వాసన పెట్టినా పీల్చేసుకుంటుంది. గోడౌన్‌లో నిమ్మ సరుకేదో కలిపి పెట్టారని రిపోర్టు రాశాను. లాట్లు ఆపేశారు. గోడౌన్ కీపర్ ఒట్టేసి చెప్పాడు, అలాంటిదేమీ లేదని. నేను వినలేదు. అతని సంజాయిషీ అడిగారు.

నా శిష్యురాలు అదే కప్పులు రుచి చూసింది. నిమ్మ లేదంది. మేనేజరూ చూశాడు. లేదన్నాడు. కొనేవాళ్ళ టేస్టర్‌ని పిలిపించారు. అతనూ లేదన్నాడు. తర్వాత వచ్చిన లాటులోనూ నాకు నిమ్మే. ఆ తర్వాత దాంట్లోనూ అంతే.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ మర్యాదే కష్టంగా ఉంది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి సార్, మీకూ ఈ ఏడాది..." అని మేనేజరు అక్కడ ఆగిపోయాడు. ఏడాది చివర్లో నా పెద్ద టేస్టర్ కుర్చీ శిష్యురాలికి ఇస్తారు. మంచి పిల్ల. నేను నేర్పిన పిల్లే.

నాలుక పోయింది. అంతకన్నా ఏమీ లేదు. నా చేతికొచ్చిన పని అదొక్కటే కాబట్టి కొంచెం తోచడం లేదు.

మూడో ఉదాహరణ డిక్షనరీలో వేసుకో. అభ్యంతరం లేదు.

సెంటు రాయను.

బావ

*

ఇల్లు,
మీ తోడల్లుడు గురక పెడుతున్న గది పక్క గది

బావా,

"నాలుక పోయింది, అంతకన్నా ఏమీ లేదు" అట! గొడుగు పోయిందన్నంత తేలిగ్గా రాశారు. చదివి కాస్త ఏడ్చి, ఆ తర్వాత మీ మీద కోపం వచ్చి, ఆ కోపంలో ఇల్లంతా ఊడ్చాను. ఇల్లు మాత్రం బాగుంది.

ఓదార్పు మాటలు రాయను. మీకు పడవు. దీంతోపాటు పార్సెల్ పంపుతున్నాను. అందులో మూడు పొట్లాలున్నాయి. ఒకటి, రెండు, మూడు అని రాసిపెట్టాను. ఎక్కడ కొన్నానో చెప్పను. మూడూ రుచి చూసి నాకు రిపోర్టు రాయండి. కంపెనీకి రాసినట్టే రాయాలి, మరదలు కదా అని మొహమాటం వద్దు. మీకెలాగూ మొహమాటం లేదనుకోండి. అక్క చేసిన మొదటి వంటకి మీరిచ్చిన రిపోర్టు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదంతా ఎందుకంటారేమో. డిక్షనరీ కోసం. దేన్నైనా డిస్‌క్రెడిటెడ్ అని అచ్చేసే ముందు ఒకసారి సరిచూసుకోవడం మా ఆఫీసు పద్ధతి.

అన్నట్టు ఎడిటరు గారు ఇవాళ కొత్త అర్థం తెచ్చారు. 'తప్పని తేలిన' అట. ఇది సరిపోతుందా? ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషం నిలబెట్టాలో కూలగొట్టాలో చెప్పండి.

గువ్వ

*

ఇంట్లో,
వంటింటి గట్టు

గువ్వకి,

రిపోర్టు.

ఒకటి: కొండ ప్రాంతపు ఆకు. రంగు పలచన. వాసన బాగుంది. కోసి చాలా కాలమైంది. చివర్లో నిమ్మతొక్క.

రెండు: దుమ్ము రకం, డస్ట్ టీ. చిక్కగా దిగుతుంది. పాలు కోరే టీ. పొట్లంలో పంచదార పలుకులున్నాయి. మీ ఇంటి డబ్బాలోంచి, తోడల్లుడి చెంచాతో తీశావు. కొన్నది కాదు. చివర్లో నిమ్మతొక్క.

మూడు: ఒకటో నంబరు పొట్లమే. అదే ఆకు. నన్ను పరీక్షిస్తున్నావు. చివర్లో నిమ్మతొక్క.

మూడింటిలోనూ నిమ్మే. చూశావు కదా. ఇక వదిలెయ్యి.

ఎడిటరు గారికి చెప్పు. తప్పని తేలడం వేరు. అది లెక్క తప్పినట్టు, రుజువుతో పని ముగుస్తుంది. ఈ మాటలో రుజువు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. జనం నమ్మడం మానేస్తే చాలు. సరైన మాట కూడా నమ్మకం పోగొట్టుకోవచ్చు. తప్పు మాట చాలాకాలం నమ్మకం నిలుపుకోవచ్చు.

ఆయన సంతోషం కూలగొట్టు.

బావ

*

డిక్షనరీ ఆఫీసు,
మెట్ల మీద (లోపల గట్టిగా నవ్వితే ఊరుకోరు)

బావా!

మీ నాలుక పోయిందా? ఎవరన్నారు ఆ మాట? ఒకటీ మూడూ ఒక్కటేనని కనిపెట్టారు. ఒకే సంచిలోంచి నేనే విడగొట్టాను. రెండోది మా ఇంటి డబ్బాలోదని పట్టేశారు. ఏ చెంచాతో తీశానో కూడా చెప్పారు. మీ తోడల్లుడు ఆ ముక్క విని, "ఇది టీ టేస్టరా, పోలీసు కుక్కా!" అన్నారు. మెచ్చుకోలే, తప్పుగా అనుకోకండి.

పోయిన నాలుక ఇన్ని చెప్పదు. మరి నిమ్మ సంగతేమిటి?

మా పనిలో ఒక పద్ధతుంది. ఒక మాటకి అర్థం తేల్చాలంటే ఆ మాట వాడిన వాక్యాలన్నీ కుప్ప పోసుకుని చదువుతాం. రాసినవాళ్ళు వేరు, పుస్తకాలు వేరు, అయినా అన్నిట్లోనూ ఒకే వింత అర్థం కనిపిస్తోందనుకోండి, "వాక్యాలను అనుమానించకమ్మా, ముందు నీ కళ్ళజోడు తుడుచుకో" అంటారు ఎడిటరు గారు. ఆయన అస్తమానం అది తుడిచేది ఊరికే కాదు.

మీ కంపెనీ లాట్లలో నిమ్మ. కొండ ఆకులో నిమ్మ. పంచదార పలుకులు కలిసిన మా ఇంటి దుమ్ము టీలోనూ నిమ్మే. అది టీలో లేదు బావా. మీ నాలుకలోనూ లేదు. రెంటికీ మధ్య ఏముంది?

మెట్ల మీద కూర్చుని ఇదే ఆలోచిస్తుంటే అక్క గొంతు వినిపించింది. నేను మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు పనిలో సాయం చేద్దామని గిన్నెలన్నీ తోమాను. మీరు టీ రుచి చూసే చెంచా కూడా సబ్బుతో తోమాను. అక్క చూసింది. "ఓసి నీ సాయం మండ! ఆయన చెంచాకి సబ్బు పెట్టావా? అది ఆయన పళ్ళ బ్రష్ లాంటిదే! ఇంకో టేస్టర్ కూడా ముట్టుకోడు. ఉత్త వేడినీళ్ళు తప్ప దానికింకేదీ తగలకూడదు. నా కాపురం ఉంచుతావా, కూలుస్తావా?" అని ఆ చెంచాని నీళ్ళలో వేసి ఎన్నిసార్లు మరిగించిందో! నేను మూల నిలబడి ముక్కు ఎగబీల్చాను.

ఇప్పుడు చెప్పండి. ఇంట్లో గిన్నెలు దేంతో తోముతున్నారు?

ఈ కవర్లో కొత్త చెంచా ఉంది. ఉత్త వేడినీళ్ళతో కడిగాను, ఉత్త కాగితంలో చుట్టాను. మూడో పొట్లం మళ్ళీ పెట్టి, ఈ చెంచాతో చూడండి. మీ చెంచా కాదు, ఇది.

గువ్వ

*

ఇంట్లో

గువ్వకి,

నిమ్మ లేదు.

బావ

*

ఇంట్లో,
భోజనాల బల్ల

గువ్వకి,

నిన్న అంతకన్నా రాయలేకపోయాను.

చెంచా కూడా కాదు. చెంచా పెట్టుకునే గుడ్డసంచి. మీ అక్క కుట్టింది. మందపాటి గుడ్డ, లోపల ఇంకో పొర. చొక్కా జేబులో పట్టేలా కొలిచి కుట్టింది. పొద్దున చెంచా అందులో పెట్టి ఇచ్చేది. సాయంత్రం తీసుకునేది. మధ్యలో ఏం చేసేదో నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నేనే ఆ పని చెయ్యాలనుకున్నాను. బాగా చెయ్యాలనుకున్నాను. దుకాణంలో అమ్మాయి ఏది కావాలని అడిగింది. మీ అక్క ఏది కొనేదో నాకు తెలియదు. ఎదురుగా పసుపు రంగు సీసా కనిపించింది. అది చూపించాను. గిన్నెలు తోమే లిక్విడ్. నిమ్మ బొమ్మ ఉంది. చెంచా దాంతోనే కడిగాను. సంచి దాంతోనే ఉతికాను. ఆదివారం తప్పకుండా ఉతికాను. చెంచా మీద వాసన నిలవదు. గుడ్డలో నిలుస్తుంది. రోజంతా చెంచా ఆ గుడ్డలోనే ఉంటుంది.

ఇంటి నిండా అదే వాసన కాబట్టి నాకు తెలియలేదు. వేడి టీ తగిలితే మాత్రం చెంచా మీంచి లేచేది.

మీ అక్క చేసినట్టే చేస్తున్నాననుకున్నాను.

ఇవాళ సంచిని వేడినీళ్ళలో నానబెడతాను.

బావ

*

డిక్షనరీ ఆఫీసు
(తొందరలో రాస్తున్నా, పోస్టు కట్టేస్తారు)

బావా,

ఆగండి! ఆగండి! నానబెట్టకండి. ఈ ఉత్తరం అందేలోపల నానబెట్టేశారేమోనని ఫోన్ కూడా చేస్తాను. "ఊ" అన్నా ఫరవాలేదు, ఈసారికి.

ఆ సంచి మీ సాక్షి. సాక్షిని ఉతుకుతారా ఎవరైనా? ఉన్నది ఉన్నట్టుగా కంపెనీకి పట్టుకెళ్ళండి. ఒకరి చెంచా ఇంకొకరు ముట్టుకోరు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఒక్కరోజు ఆ ఆచారం పక్కన పెట్టమనండి. వాళ్ళ కప్పులే, వాళ్ళ టీయే, చెంచా మాత్రం మీది. నోట్లో పెట్టుకోవడానికి వాళ్ళు ఇబ్బంది పడితే, మరిగించిన తర్వాత మళ్ళీ కాసేపు సంచిలో పెట్టి ఇవ్వండి.

మీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ వాసన చూశాను. సెంటు కాదు, గిన్నెల సబ్బు! ఆ సంచి పక్కనే కాగితాలు పెట్టుకుంటారు కాబోలు. సాక్ష్యం నా సొరుగులోనే ఉంది, నేనేమో వెక్కిరించి ఊరుకున్నాను. నా ముక్కు మీ తోడల్లుడి ముక్కుకన్నా ఘనమేమీ కాదని తేలింది.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. అక్క చూస్తే ముందు తల బాదుకునేది. "ఈ మహానుభావుడు ఆదివారం ఆదివారం సంచి ఉతికాడటే!" అని ఊరందరికీ చెప్పి మురిసిపోయేది. ఈ రెంటిలో రెండోదే ఎక్కువ రోజులు సాగేది.

వెళ్ళండి. గోడౌన్ కీపర్‌ని మాత్రం మర్చిపోకండి.

గువ్వ

*

ఇంట్లో,
ముందు గది

గువ్వకి,

నీ ఫోన్ వచ్చేసరికి గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. సంచి ఇంకా వెయ్యలేదు.

వెళ్ళాను. ముందు గోడౌన్‌కి వెళ్ళాను.

కీపర్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మనిషి తలుపంత ఉంటాడు. "ఇప్పుడేం వాసనొచ్చింది సార్?" అన్నాడు. సంచి తీసి అతని చేతిలో పెట్టాను. వాసన చూశాడు. నా మొహంలోకి చూశాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఇదా!"

"ఇదే. తప్పు నాది. నీ గోడౌన్‌లో ఏమీ లేదు."

"ఈ వాసన మీ దగ్గర ఎప్పట్నుంచో వస్తోంది కద సార్. మీరు పక్కనుంచి వెళ్తే చాలు, గుప్పుమనేది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

అతను సంచి నా చేతికి తిరిగిచ్చాడు. "ఎట్లా చెప్పమంటారు సార్? అమ్మగారు పోయి ఎన్నాళ్ళో కాలేదు. పాపం, సారు సొంతంగా బట్టలు ఉతుక్కుంటున్నట్టున్నారు, మనం అంటే బాగోదు అనుకున్నా. అదే మీ కప్పులోకి దిగుతోందని నాకేం తెలుసు?"

సంజాయిషీ రాసేటప్పుడు కూడా అతను ఆ మాట రాయలేదు.

నేను క్షమాపణ అడిగాను. అతను దాన్ని అంత సులువుగా వదల్లేదు. "క్షమాపణ సరే సార్. మీ మూలంగా నేను ఇక్కడి జనం భోజనం డబ్బాలన్నీ మూతలు తీయించి వాసన చూశా. వెనకాల నన్ను ముక్కయ్య అంటున్నారు. మా ఆవిడ నిమ్మకాయ ముక్క పెట్టిందని ఇంట్లో యుద్ధం చేశా. ఆవిడకెవరు చెప్తారు?" అన్నాడు. నేను వచ్చి చెప్తానన్నాను. "ఆదివారం రండి. రుజువు కూడా తెచ్చుకోండి. ఆవిడ ఉత్త మాటకి లొంగే మనిషి కాదు" అన్నాడు.

తర్వాత ఇద్దరం రుచి గదికి వెళ్ళాం. అతను పిలవకుండానే వచ్చాడు.

మేనేజరూ శిష్యురాలూ వరస కప్పుల ముందున్నారు. నేను చెప్పేది చెప్పాను. మరిగించిన చెంచాని అంతకుముందే సంచిలో పెట్టి ఉంచాను. దాన్ని తీసి శిష్యురాలి ముందు పట్టుకున్నాను. ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మీ చెంచా నేనా సార్? వద్దు సార్. మీరే నేర్పారు కదా, ఒకరి చెంచా ఒకరు..."

"నేర్పింది నేనే. ఇవాళ ఒక్కరోజు మర్చిపో."

ముందు తన చెంచాతో ఒక కప్పు చూసింది. బాగుందంది. తర్వాత అదే కప్పు నా చెంచాతో పీల్చింది. ఉమ్మింది. నోరు తెరిచి అలాగే నిలబడింది.

"నిమ్మ! సార్, నిమ్మ! చివర్లో! మీరు చెప్పినచోటే ఉంది సార్!"

మేనేజరు చెంచా అడిగి తీసుకున్నాడు. మరిగించి, సంచిలో పెట్టి, మళ్ళీ తీశారు. అతను ఎప్పటికన్నా గట్టిగా చప్పుడు చేస్తూ పీల్చాడు. చెంచా కింద పెట్టాడు. తర్వాత, "మీరు నిమ్మ ఉందన్నారు సార్. ఉంది" అన్నాడు.

అంతే అన్నాడు. అది చాలు.

కీపర్ వెనకనుంచి, "నన్ను తిట్టించిన నిమ్మ నేను రుచి చూడొద్దా సార్?" అన్నాడు. అతనికీ ఇచ్చాం. పీల్చడం చేతకాక మింగేశాడు. "నాకేం తెలియట్లేదు. టీలాగే ఉంది" అన్నాడు. శిష్యురాలు కప్పు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. మేనేజరు కిటికీ వైపు తిరిగాడు, అతని భుజాలు కదులుతున్నాయి. నేనూ నవ్వాను. ఆ శబ్దం విని నేనే కొంచెం కంగారుపడ్డాను.

ఆపిన లాట్లు వదిలేశారు. కీపర్ సంజాయిషీ కాగితం మేనేజరు చింపేశాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. కుర్చీ మాత్రం శిష్యురాలికే ఇవ్వమన్నాను. అందరూ ఒక మాటంటే తను ఎదురుగా నిలబడి, వాళ్ళకి తెలియనిది ఇంకేదైనా ఉందేమో అని వెతికే మనిషి కావాలి ఆ కుర్చీలో. ఆ పని నేను చెయ్యలేదు. నాలుక పోయిందని నేనే ముందు ఒప్పేసుకున్నాను. తను నేర్చుకుంటుంది. నాకు కప్పులు చాలు.

ఇవాళ సంచి నానబెట్టాను. నీళ్ళు మారుస్తూనే ఉన్నాను. మీ అక్క ఎలా చేసేదో నీకు తెలిసింది ఇంకా ఉంటే రాయి.

బావ

*

డిక్షనరీ ఆఫీసు,
కిటికీ పక్క బల్ల

బావా,

మీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే మీ తోడల్లుడు టీ తాగడం ఆపేసి విన్నారు. ముక్కయ్య దగ్గర ఇద్దరం నవ్వాం. "ఉంది" దగ్గర ఆయన లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. వచ్చి రెండే చెంచాల పంచదార వేసుకున్నారు. మీ గౌరవార్థమట. రేపటికి ఉంటుందని హామీ ఇవ్వలేను.

సంచి సంగతి. అక్క వేడినీళ్ళలో ముంచి, పిండకుండా, నీడలో ఆరేసేది. ఎండలో వేస్తే గుడ్డకి ఎండ వాసన పడుతుందనేది. ఎండకి వాసనేమిటే అంటే, "మా ఇంట్లో ఒకాయనకి తెలుస్తుంది" అనేది. గొప్పగా అనేది, విసుక్కుంటున్నట్టు మొహం పెట్టి. మీ వెనకాల అన్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి నా దగ్గర. ఒక్కో ఉత్తరానికి ఒక్కోటి చొప్పున పంపుతాను. అన్నీ ఒకేసారి ఇస్తే మీరు ఉత్తరాలు మానేస్తారు.

ఇక డిస్‌క్రెడిటెడ్. ఎడిటరు గారితో కడసారి యుద్ధం చేశాను. మీ సంచి కథ మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీశారు, తుడవలేదు, పక్కన పెట్టేశారు. "రాయమ్మా, ఎన్ని లైన్లైనా రాయి" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం ఇదే మొదలు. ఇలా అచ్చవుతుంది:

'ఒకప్పుడు నమ్మకం పొంది, ఇప్పుడు దాన్ని పోగొట్టుకున్న (మనిషి, మాట, పద్ధతి, సిద్ధాంతం, నివేదిక వగైరా). తప్పని తేలి ఉండనక్కరలేదు.'

ఉదాహరణల్లో పుర్రె ఉంది, సాక్షి ఉన్నాడు. మీ మూడోది మాత్రం మార్చాను. 'అందరూ కొట్టిపారేసిన ఆ నివేదికే చివరికి నిజమని తేలింది.' అభ్యంతరముంటే చెప్పండి, వినను.

ఎడిటరు గారు ఇంకో ప్రశ్న వేశారు. పోయిన నమ్మకం తిరిగి వచ్చినవాణ్ని ఒక్క మాటలో ఏమంటారని. నాకు తోచలేదు. మీకు తోచిందా?

గువ్వ

*

టీ కంపెనీ,
రుచి గది

గువ్వకి,

ఎడిటరు గారి ప్రశ్నకి ఇక్కడ ఎవరూ ఏ మాటా వాడటం లేదు. పొద్దున రాగానే నా ముందు కప్పులు పెట్టారు. రుచి చూసి చెప్పాను. రాసుకున్నారు. దానికి పేరు అక్కరలేదనుకుంటాను. కావాలంటే డిక్షనరీలో ఖాళీ వదిలెయ్యి.

ఆదివారం కీపర్ ఇంటికి వెళ్ళాను. చెంచా, పసుపు సీసా పట్టుకెళ్ళాను. ఆవిడ సీసా వాసన చూసి, "ఇది గిన్నెలకండీ, గుడ్డలకి కాదు" అంది. నాకు తెలియదన్నాను. "ఇప్పుడు తెలిసింది కదా" అంది. భర్తను మాత్రం ఇంకా పూర్తిగా క్షమించలేదు. నన్ను క్షమించింది. మధ్యాహ్నం అక్కడే భోజనం చేశాను. నిమ్మకాయ ముక్కతో పెట్టింది. బాగుంది.

సంచి నీడలో ఆరేశాను. పిండలేదు. ఇప్పుడు జేబులో ఉంది. ఏ వాసనా లేదు. శిష్యురాలిని కూడా చూడమన్నాను, లేదంది.

మూడో ఉదాహరణకి అభ్యంతరం లేదు.

మీ అక్క అన్న మాటలు ఒక్కోటే పంపు. తొందర లేదు.

కింద కుడివైపు గుండ్రని మరక ఉంది. అది పొరపాటున పడింది కాదు. కప్పు తడిగా ఉన్నప్పుడు చూసి పెట్టాను. నమ్మకం కుదరకపోతే వాసన చూసుకో.

బావ